మూడో తీగ

ఇంటి వెనక ఖాళీ జాగాలో కొత్త షెడ్డు లేచిందంటే ఆ ఇంట్లో ఎవరో సొంతంగా ఒక పని మొదలుపెట్టబోతున్నారన్నమాట. వడ్రంగమో, వెల్డింగో, మోటారు వైండింగో, పిండిమరో, ఏదో ఒకటి. తెలుగునాట చేతిపనులు చాలావరకు ఇలాంటి చోట్లే బతుకుతున్నాయి. ఏటికొప్పాకలో లక్కబొమ్మల కోసం ఒకప్పుడు చేత్తో తిప్పిన లేతులను ఇప్పుడు మోటార్లు తిప్పుతున్నాయి. కాబట్టి షెడ్డుకు కరెంటు తీసుకెళ్లడం ఇవాళ గోడ కట్టడమంత ముఖ్యమైన పని. కానీ గోడకు, రేకుకు, నేలకు పెట్టే శ్రద్ధ కరెంటు మీద పెట్టరు. పునాది ఎంత లోతు తీయాలో పదిమందిని అడుగుతారు, సిమెంటు ఏ కంపెనీదో చూసి కొంటారు. కరెంటు దగ్గరికి వచ్చేసరికి ఇంట్లోంచి ఒక వైరు లాగితే సరిపోతుందంటారు. లాగుతారు, స్విచ్చి వేస్తారు, బల్బు వెలుగుతుంది, ఎలక్ట్రీషియన్ డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. వైరింగు సరిగ్గా ఉందనడానికి మనం ఒప్పుకునే రుజువు ఆ బల్బు ఒక్కటే. అది రుజువు కాదని నా వాదన. వైరింగు అంతా సవ్యంగా ఉన్న రోజు కోసం కాదు, ఏదో ఒకటి చెడిపోయిన రోజు కోసం చెయ్యాలి. ఆ రోజు ఏం జరుగుతుందో తేల్చేది వెలుగునిచ్చే రెండు తీగలు కావు, ఏ పనీ చెయ్యనట్టు కనిపించే మూడోది, ఎర్త్ తీగ.

బల్బు వెలగడానికి పెద్ద షరతులేమీ లేవు. ఫేజు, న్యూట్రలు తారుమారైనా వెలుగుతుంది. స్విచ్చి ఫేజు మీద కాకుండా న్యూట్రలు మీద పెట్టినా వెలుగుతుంది. అప్పుడు స్విచ్చి ఆపాక కూడా హోల్డరులో కరెంటు ఉంటుంది, బల్బు మార్చబోయిన చేతికి తగిలేదాకా ఆ సంగతి తెలియదు. వైరు సన్నదైనా వెలుగుతుంది. జాయింటు వదులైనా వెలుగుతుంది. వదులు జాయింటు దగ్గర పదో వంతు ఓము నిరోధం ఉండి, దాని గుండా 16 ఆంపియర్లు పారితే అక్కడ పాతిక వాట్ల వేడి పుడుతుంది. రేడియో బాగుచేసేవాళ్లు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి అంతే. ఆ వేడి టేపు చుట్టిన మూలలో, రంపపు పొట్టు పేరుకున్న చోట గంటల తరబడి ఉంటుంది. ఇక ఎర్త్ అసలు లేకపోయినా బల్బు వెలుగుతుంది. అంతకన్నా ఆలోచించాల్సింది మరొకటి ఉంది. న్యూట్రలు పోయినప్పుడు పల్లెల్లో నేలలోకి ఒక ఇనప కడ్డీ దిగ్గొట్టి, ఫేజుకూ దానికీ మధ్య బల్బు పెట్టి వెలిగించుకోవడం ఉంది. అది కూడా చక్కగా వెలుగుతుంది. ఆ కడ్డీ చుట్టూ ఉన్న తడినేలలో మాత్రం కరెంటు పారుతూ ఉంటుంది, దాని పక్కన నడిచే గేదెకూ పిల్లవాడికీ అది తెలియదు. ఇన్ని తప్పులకూ ఒకే జవాబు చెప్పే పరీక్షను పరీక్ష అనలేం.

తప్పు ఎలా మొదలవుతుందో దగ్గరగా చూద్దాం. రేకుల షెడ్డుకు ఇనప యాంగిళ్లు, వాటి మీద జీఐ రేకులు ఉంటాయి. వైరు లోపలికి పోవడానికి రేకుకు డ్రిల్లుతో రంధ్రం వేస్తారు. ఆ రంధ్రం అంచున లోహపు బుడిపెలు లేచి పదునుగా ఉంటాయి. అక్కడ ఒక రబ్బరు బుష్షు తొడగాలి, లేదా జానెడు పీవీసీ పైపు ముక్క దూర్చి అందులోంచి వైరు తీయాలి. చాలా షెడ్లలో రెండూ ఉండవు. గాలికి రేకు అదురుతుంది. గ్రైండరు తిరిగినప్పుడు, కట్టరు పట్టినప్పుడు మళ్లీ అదురుతుంది. మధ్యాహ్నపు ఎండకు సాగి, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. ప్రతి కదలికకూ వైరు తొడుగు కాస్త కాస్త అరుగుతుంది. కొన్నేళ్లకు లోపలి రాగి రేకుకు తగులుతుంది. ఆ రోజున కూడా బల్బు మామూలుగానే వెలుగుతుంది. ఫ్యూజు పోదు, ఫ్యూజుకు బదులు పెట్టే ఎంసీబీ స్విచ్చి పడదు. షెడ్డు కాంక్రీటు దిమ్మెల మీద నిలబడి ఉంటుంది కాబట్టి దాని ద్వారా నేలలోకి జారే కరెంటు కొద్దిగానే ఉంటుంది, ఫ్యూజుకు అది లెక్కలోకి రాదు. కానీ గోడలు, తలుపు, గడియ, యాంగిలుకు కట్టిన దండెం తీగ అన్నీ 230 వోల్టుల మీద ఉంటాయి. వాన పడ్డ మర్నాడు ఉత్త కాళ్లతో తలుపు తీసినా, తడి బట్టలు దండెం మీద వేసినా ప్రాణం మీదికి వస్తుంది. వానాకాలంలో మన పత్రికల్లో వచ్చే దండెం తీగ మరణాల వెనక తరచు ఉండేది ఇలాంటి అరుగుడే.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. ఎంసీబీ పెట్టించాం, షెడ్డు దగ్గర ఎర్త్ రాడ్ కూడా దించాం, ఇంకేం కావాలని. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు, ఎందుకంటే అంత చేసినవాళ్లు కూడా తక్కువే. కానీ ఒక చిన్న లెక్క వేసి చూడాలి. మన ఊళ్లలో సింగిల్ ఫేజు ఇంటికి స్తంభం నుంచి సాధారణంగా వచ్చేవి రెండే తీగలు, ఫేజు ఒకటి, న్యూట్రలు ఒకటి. ఎర్త్ మాత్రం ఎవరి ఇంట్లో వాళ్లు గొయ్యి తవ్వి పెట్టుకోవాల్సిందే. అంటే మిషను బాడీకి ఫేజు తగిలినప్పుడు కరెంటు మన గుంటలోంచి నేలలోకి దిగి, మట్టిగుండా పయనించి, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్త్ ద్వారా పైకెక్కాలి. మన గుంట నిరోధం 10 ఓంలు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 2 ఓంలు అనుకుందాం. 230 వోల్టులను 12 ఓంలతో భాగిస్తే వచ్చేది 19 ఆంపియర్ల చిల్లర. 16 ఆంపియర్ల ఎంసీబీ ఈ కరెంటుకు గంటసేపైనా పడకుండా నిలబడొచ్చు. వెంటనే పడాలంటే, మన దగ్గర ఎక్కువగా వాడే సి రకం ఎంసీబీకి, దాని రేటింగుకు అయిదు నుంచి పది రెట్లు కావాలి. పడుతుందని ధీమాగా చెప్పాలంటే 160 ఆంపియర్లు పారాలి. ఈలోపు ఆ మిషను బాడీ మీద ఎంత ఉంటుంది? 19 ఆంపియర్లను 10 ఓంలతో గుణించండి, 190 వోల్టులు. ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, అయినా మిషను ముట్టుకున్న మనిషికి తగిలేది 190 వోల్టులు. ఈ లెక్కలో మోసమేమీ లేదు, బడిలో నేర్పే ఓమ్ సూత్రమే. పది ఓంల గుంట మరీ చెడ్డదని కూడా అనలేం. తెలంగాణలోనూ రాయలసీమలోనూ అడుగు తవ్వితే మొరం, ఆ కింద రాయి తగిలే చోట్ల మే నెలలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

కాబట్టి మూడో తీగకు ఒక తోడు కావాలి. దాని పేరు ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రలులో తిరిగి వచ్చిన కరెంటు సమానమా కాదా అన్నది ఒక్కటే అది చూస్తుంది. తేడా ఉందంటే ఎక్కడో దారి తప్పి నేలలోకి పోతోందని అర్థం. మనుషుల రక్షణ కోసం వాడేది 30 మిల్లీ ఆంపియర్ల రకం. ఆ తేడా వచ్చిందంటే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే సరఫరా తెంచేస్తుంది, తేడా ఎక్కువైతే ఇంకా తొందరగా తెంచుతుంది. పైన వేసిన లెక్కలో పారిన 19 ఆంపియర్లు ఎంసీబీకి చాలలేదు, కానీ ఆర్‌సీసీబీకి కావాల్సినదానికి అది ఆరువందల రెట్లు. ఇలాంటి పరికరాల వెనక మనుషుల మీద చేసిన కొలతలు ఉన్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో చార్లెస్ డాల్జియెల్ అనే ఆచార్యుడు, చేత్తో పట్టుకున్న తీగను ఎంత కరెంటు వరకు మనిషి తనంతట తాను వదలగలడో 134 మంది పురుషుల మీద, 28 మంది స్త్రీల మీద కొలిచాడు. అందరూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. సగటున పురుషులు 16, స్త్రీలు 10.5 మిల్లీ ఆంపియర్ల దాకా వదలగలిగారు. అది దాటితే కండరాలు బిగుసుకుని చెయ్యి విడవదు. ఆ తర్వాత 1961లో ఆయనే ఈ జాతి పరికరాన్ని ఒకటి రూపొందించాడు. 190 వోల్టుల మీద చెయ్యి పడితే, శరీర నిరోధం సుమారు వెయ్యి ఓంలు అనుకుంటే, ఒంట్లోంచి పోయేది 190 మిల్లీ ఆంపియర్లు. వదలగలిగే హద్దుకు అది పది రెట్లకు పైన.

అయితే ఆర్‌సీసీబీ ఉంటే ఎర్త్ తీగ ఎందుకు, అది లేకపోయినా పడుతుంది కదా అని అడగొచ్చు. పడుతుంది. కానీ ఎప్పుడు పడుతుందన్నదే ప్రశ్న. ఎర్త్ తీగ లేని మిషనులో ఫేజు బాడీకి తగిలినా కరెంటుకు పోయే దారి లేదు కాబట్టి తేడా రాదు, పరికరం కదలదు. ఎవరో వచ్చి ముట్టుకున్నాకే దారి ఏర్పడుతుంది. అంటే ఆ మనిషి శరీరమే మూడో తీగ అవుతుంది, పరికరం పడేలోపు ఆ దెబ్బ అతను తినాల్సిందే. నిచ్చెన మీద ఉన్నవాడికో, తిరిగే రంపం ముందు వంగినవాడికో క్షణంపాటు తగిలిన షాకైనా చాలు. ఎర్త్ తీగ ఉన్న చోట తప్పు పుట్టిన క్షణంలోనే, షెడ్డులో మనిషి లేకపోయినా, సరఫరా తెగిపోతుంది. పొద్దున వచ్చి చూస్తే ఆర్‌సీసీబీ పడి ఉంటుంది, కారణం వెతుక్కోవచ్చు. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్నీ రెండోదానికి బదులుగా పెట్టలేం.

ఇంతకన్నా చెడ్డ అలవాటు ఇంకొకటి ఉంది, దాన్ని గట్టిగానే ఖండించాలి. షెడ్డు దాకా రెండు తీగలే లాగి, అక్కడ పవర్ ప్లగ్గులో మూడో రంధ్రం ఖాళీగా కనిపిస్తే బాగుండదని, ఎర్త్ పిన్నుకూ న్యూట్రలుకూ మధ్య చిన్న వైరు ముక్క కలుపుతారు. లూప్ చేశామంటారు. మిషను నడుస్తుంది, టెస్టరు పెట్టి చూస్తే బాడీ మీద వెలగదు, ఇంటాయన సంతోషపడతాడు. కానీ ఇంటికీ షెడ్డుకూ మధ్య ఎక్కడైనా న్యూట్రలు తెగిన రోజున ఏమవుతుందో చూడండి. స్విచ్చి వేసి ఉన్న బల్బు, మోటారు, ఏదైనా సరే, దాని గుండా ఫేజు వచ్చి తెగిన న్యూట్రలు దాకా చేరుతుంది. ఆ లూపు ద్వారా అక్కడినుంచి నేరుగా మిషను బాడీ మీదికి వస్తుంది. ఏ పరికరంలోనూ ఏ లోపమూ లేకుండానే ఆ ప్లగ్గులకు తగిలించిన ప్రతి మిషను బాడీ 230 వోల్టులకు ఎక్కుతుంది. ఎర్త్ లేకపోవడం ఒక లోపం, అంతే. ఈ లూపు మాత్రం ఎర్త్ ఉన్నట్టు నమ్మించి చంపుతుంది. వైరు మూడో రంధ్రం దాకా వచ్చిందా లేదా అన్నది బోర్డు విప్పి కళ్లతో చూడాలి. ఎరుపు ఫేజుకు, నలుపు న్యూట్రలుకు, పచ్చ ఎర్త్‌కు అన్న మామూలు రంగుల పద్ధతి పాటిస్తే ఆ చూపు ఎవరికైనా సాధ్యం.

ఆర్‌సీసీబీ మీద అన్నిచోట్లా వినిపించే ఫిర్యాదు అది ఊరికే పడిపోతుందని. వెల్డింగు పెట్టగానే పడుతుందని, వాన వస్తే పడుతుందని, రెండుసార్లు పడ్డాక ఎలక్ట్రీషియనే వచ్చి దాన్ని తప్పించి నేరుగా కలిపేశాడని చెబుతారు. ఈ ఫిర్యాదులో నిజం ఉంది. పాత మోటారు తడిస్తే కొంత కరెంటు కారుతుంది. ఇంటికీ షెడ్డుకూ కలిపి ఒకటే పెడితే, అన్ని పరికరాల్లో కొద్ది కొద్దిగా కారేదంతా ఒకచోట చేరి హద్దు దాటుతుంది, షెడ్డులో తప్పుకు ఇంట్లో ఫ్రిజ్జు ఆగుతుంది. చిరాకు పుట్టడం సహజం. కానీ ఈ చిరాకు తీరాలంటే పరికరాన్ని తీసెయ్యడం కాదు, దాన్ని పెట్టే పద్ధతి మార్చాలి. షెడ్డులో దానికంటూ ఒక చిన్న డీబీ, అంటే కరెంటు పంచే పెట్టె, అందులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, దాని తర్వాత లైట్లకూ మిషన్లకూ విడివిడిగా ఎంసీబీలు ఉండాలి. ఇంటి దగ్గర, షెడ్డుకు పోయే కేబులు మొదట్లో, దానికంటూ ఒక ఎంసీబీ ఉండాలి. ఇంకో పొర రక్షణ కావాలంటే అక్కడ కావాలని కాస్త ఆలస్యంగా పనిచేసే 100 మిల్లీ ఆంపియర్ల రకం పెట్టొచ్చు. అప్పుడు షెడ్డు తప్పు షెడ్డులోనే ఆగుతుంది. ఇంత చేశాక కూడా పడుతుంటే ఎక్కడో న్యూట్రలు ఎర్త్‌కు తగులుతోంది, లేదా ఒక మిషను నిజంగానే కారుస్తోంది. ఒక్కో ఎంసీబీ వేసుకుంటూ పోతే అరగంటలో దొరుకుతుంది. పడుతున్న ఆర్‌సీసీబీ చాలాసార్లు నిజమే చెబుతోంది, దాని మాట వినాలి.

పెద్దవాళ్ల అభ్యంతరం వేరు. మా నాన్నగారి కాలం నుంచి ఫ్యూజు క్యారియరులో తీగ చుట్టి నడిపాం, ఎవరికీ ఏమీ కాలేదంటారు. దీన్ని అనుభవంగా గౌరవించాలి, కానీ ఇది బతికి ఉన్నవాళ్లు మాత్రమే ఇవ్వగల సాక్ష్యం. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రమాద మరణాల నివేదికల్లో దేశంలో కరెంటు షాకుతో పోయేవాళ్ల సంఖ్య ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 12 వేలకు పైగానే ఉంటోంది. అందులో పొలం మోటార్లూ, తెగిపడ్డ లైన్లూ, ఇళ్లూ, షెడ్లూ అన్నీ కలిసే ఉన్నాయి. ఎక్కువ భాగంలో మూలం ఒకటే, ఫేజు ఉండకూడని చోటికి వచ్చింది, దాన్ని తెంచేది ఏదీ లేదు. ఆ కాలానికీ ఈ కాలానికీ తేడా కూడా ఉంది. అప్పటి షెడ్డులో రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉండేవి, పనిముట్లన్నీ చేతివి. ఇప్పుడు చేత్తో పట్టుకుని వాడే డ్రిల్లు, గ్రైండరు, కట్టరు అన్నీ కరెంటువే. నేల మట్టిది కాదు, నీళ్లు చల్లి కడిగే కాంక్రీటు. కరెంటుకూ చర్మానికీ మధ్య దూరం తగ్గిపోయింది, పాత అదృష్టం మీద కొత్త లెక్క వెయ్యలేం.

తీగ మందం సంగతి కూడా ఈ వాదనలో భాగమే, ఎందుకంటే అక్కడ కూడా బల్బు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇంటి నుంచి షెడ్డు 40 మీటర్ల దూరమనుకుందాం. ఇంట్లో ప్లగ్గులకు వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కిలోమీటరుకు సుమారు 7.4 ఓంలు. పోనూ రానూ 80 మీటర్లకు 0.6 ఓంలు. 16 ఆంపియర్లు పారితే దారిలోనే తొమ్మిదిన్నర వోల్టులు పోతాయి, అది నాలుగు శాతం పైన. అది భరించొచ్చు. కానీ రెండు హార్సుపవరు సింగిల్ ఫేజు మోటారు మొదలయ్యేటప్పుడు 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. అప్పుడు పోయేది 30 వోల్టులు. మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, ఆ 30 వోల్టులతో దాని బలంలో నాలుగో వంతు పోతుంది. మోటారు మూలుగుతూ ఆలస్యంగా లేస్తుంది, వైండింగు వేడెక్కుతుంది, కొన్ని నెలలకు కాలిపోతుంది. కాలిపోయాక మోటారు కంపెనీని తిడతారు. 6 స్క్వేర్ ఎంఎం వేస్తే అదే క్షణంలో పోయేది 12 వోల్టులే. ఖర్చు భారమనుకుంటే అల్యూమినియం ఆర్మర్డ్ కేబులు వేసుకోవచ్చు, అందులో తప్పులేదు. 10 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం నిరోధంలో 6 స్క్వేర్ ఎంఎం రాగికి దాదాపు సమానం. రాగి తప్ప మరోటి వెయ్యకూడదనే పట్టుదల ఇక్కడ అనవసరం. చివర్ల మాత్రం సరైన లగ్గులు వేసి బిగించాలి, రాగినీ అల్యూమినియాన్నీ మెలితిప్పి టేపు చుట్టకూడదు. మూడు కోర్ల కేబులే తీసుకోవాలి. రెండు కోర్లది కొని, పైనున్న ఇనప కవచమే ఎర్త్ అనుకుంటే, గ్లాండు సరిగ్గా బిగించని రోజున ఆ ఎర్త్ పేరుకే మిగులుతుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్సుతో సర్దుకుందాం, పని పెరిగాక చూద్దామన్న మాట డబ్బు ఇబ్బంది నుంచి వస్తుంది, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ షెడ్డు ఖర్చులో మళ్లీ చెయ్యలేని భాగమేదో చూడాలి. ఎంసీబీ ఎప్పుడైనా మార్చొచ్చు, బోర్డులు పెంచొచ్చు, ఆర్‌సీసీబీ తీసి మంచిది పెట్టొచ్చు. కేబులు పాతిన కాలువను మాత్రం ఎవరూ రెండోసారి తవ్వరు. దాని మీద అప్పటికి గచ్చు వస్తుంది, మొక్కలు వస్తాయి. అందుకని డబ్బు తక్కువైతే మిగతా అన్నిచోట్లా తగ్గించుకుని, కాలువలోని కేబులు ఒక సైజు పెద్దది వెయ్యాలని నా సలహా. భూమిలో కేబుళ్లు వెయ్యడం గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1255, లో వోల్టేజి కేబులుకు 75 సెంటీమీటర్ల లోతు చెబుతుంది. కింద ఇసుక పరిచి, కేబులు మీద మళ్లీ ఇసుక పోసి, ఇటుకలు పేర్చి పూడ్చాలి. ఎప్పుడో ఎవరో పలుగు దించినప్పుడు ముందు ఇటుక తగులుతుంది. పందికొక్కులున్న పెరట్లో ఆర్మర్డ్ కేబులు కాకుండా మామూలు సర్వీసు వైరు పాతడం తప్పు. అదే కాలువలో ఒక ఖాళీ పైపు కూడా పడేస్తే రేపు కెమెరా వైరో ఇంటర్నెట్ వైరో లాక్కోవచ్చు.

ఎర్త్ గుంట దగ్గర రెండు వాదాలు వినిపిస్తాయి. కేబులులో ఎర్త్ తీగ వచ్చింది కాబట్టి షెడ్డు దగ్గర గుంట అక్కర్లేదని కొందరు, ఇంటి ఎర్త్ ఇంటిదే షెడ్డు ఎర్త్ షెడ్డుదే, కలపకూడదని కొందరు. నా మాట ఏమిటంటే గుంట తవ్వాలి, రెండింటినీ కలపాలి. కలపకుండా వదిలేస్తే ఒక చేత్తో ఇంటి ఎర్త్‌కు తగిలి ఉన్న పంపునూ, రెండో చేత్తో షెడ్డు మిషనునూ పట్టుకున్న మనిషికి రెండు ఎర్త్‌ల మధ్య తేడా వోల్టేజి తగలొచ్చు. షెడ్డు యాంగిళ్లను, రేకులను కూడా అదే ఎర్త్‌కు బోల్టు వేసి కలిపితే, ముందు చెప్పిన రంధ్రం దగ్గరి అరుగుడు మనిషి మీదికి రాకముందే ఆర్‌సీసీబీ మీదికి పోతుంది. ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043 చెప్పే పైపు పద్ధతి మనవాళ్లకు అలవాటైనదే, రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ. కానీ మూడడుగుల కడ్డీ దిగ్గొట్టి పైన సిమెంటు పూసేసి ఎర్త్ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. మంచి గుంటకు పైన గరాటు, మూత ఉంటాయి, ఎండాకాలంలో వారానికో బిందె నీళ్లు పోస్తారు. ఉప్పు పైపును తింటుంది కాబట్టి కొన్నేళ్లకోసారి కొలిచి చూసుకోవాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ పని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సున్న కాంట్రాక్టరే చెయ్యాలి. షెడ్డులో చేసేది వ్యాపారమైతే ఇంటి మీటరు మీద నడపడం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అనధికార వాడకమవుతుంది, రెట్టింపు రేటుతో వసూలు చేస్తారు. చిన్నదైనా వేరే సర్వీసు తీసుకోవడమే మేలు.

ఇక ఎలక్ట్రీషియన్‌కు డబ్బులిచ్చే ముందు బల్బుకు బదులు ఏం అడగాలి? కాలువ పూడ్చకముందు కేబులును మెగ్గరుతో కొలిచి ఇన్సులేషన్ ఎంత చూపిస్తోందో కాగితం మీద రాయమనాలి. మెగోముల్లో రావాలి. షెడ్డులో ప్రతి ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి గుంట దాకా తీగ తెగకుండా ఉందని మీటరుతో చూపించమనాలి. ఎర్త్ టెస్టరుతో గుంట నిరోధం కొలిపించాలి, వీలైతే ఎండాకాలంలో ఇంకోసారి. ఆర్‌సీసీబీ మీదున్న టెస్టు బటను నొక్కి పడుతోందని చూడాలి, తర్వాత నెలకోసారి ఇంటివాళ్లే నొక్కాలి. ఆ బటను పరికరం లోపలి యంత్రాంగాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్త్ తీగ సంగతి దానికి తెలియదు. అందుకే ప్లగ్గు దగ్గర ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య నియమిత కరెంటు పంపి, ఎన్ని మిల్లీ సెకన్లలో పడుతుందో చూపించే టెస్టరుంటే దాన్ని కూడా వాడమనాలి. మంచి పనివాడు ఈ కోరికలకు కోపం తెచ్చుకోడు, వాటికి కూలి అడుగుతాడు. ఆ కూలి ఇవ్వాలి. కేబులు ఏ దారిన, ఎంత లోతున పోయిందో, ఏ సైజుదో గీసిన బొమ్మను, ఈ కొలతలను, తేదీతో సహా డీబీ తలుపు లోపలివైపు అతికించమనాలి.